మెట్టె పెరిగింది

నాలుగున్నరకల్లా వచ్చేస్తానన్నాడు. గోడమీది గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది, అది ముందు నడుస్తోందేమో, కొట్లవాళ్లు కావాలనే కాస్త ముందుకి తిప్పుకుంటారని ఎవరో చెప్పారు, ఎవరో పేరమ్మకి గుర్తు రాలేదు, గుర్తొచ్చినా ఒరిగేదేమీ లేదు. అరబ్బుదేశపు బనియాస్ బజారులో ఈ వెండిబంగారాల కొట్టు మరీ ఇరుకు. ఒక అద్దాల బల్ల, ఒక పొట్టి బెంచీ, నెత్తిమీద గుయ్యిమనే ఏసీ, అంతే. కొట్టాయన తమిళుడు, ఆమె నోరు తెరవకముందే పాదాలకేసి చూసి "మెట్టి?" అన్నాడు, నీలం మఖమల్ పళ్లెంలో రెండు జతలు పెట్టి ఆమె ముందుకి జరిపి, తన లెక్కలేవో తను చూసుకుంటున్నాడు. పేరమ్మ కుడికాలిని ఎడమకాలి వెనక దాచుకుని కూర్చుంది. మేజోడు ఉంది కాబట్టి దాచనక్కర్లేదు, అయినా దాచుకుంది. బొటనవేలి పక్క వేలు బోసిగా ఉంది, మేజోడు దారం దానికి తగిలినప్పుడల్లా పన్ను ఊడినచోటికి నాలుక పోయినట్టు ఆమె మనసంతా అక్కడికే పోతోంది. డ్రైవరు ఐదున్నరకి వస్తాడు. అంజిబాబు అంతకుముందే రావాలి, వచ్చి మెట్టె తొడిగేయాలి, ఆమె మేజోడు వేసేసుకోవాలి, డ్రైవరు వచ్చేసరికి అన్నాచెల్లెళ్లిద్దరూ బెంచీ ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుని ఉండాలి. అనుకున్నది ఇదీ. మధ్యాహ్నం నుంచి అతని ఫోను పలకడంలేదు.

మంగళవారం తను పనిచేసే ఇంట్లో పెద్ద స్నానాలగది కడుగుతుంటే తెగింది అది. తెగింది అనకూడదు, పెరిగింది. మడమ ఎత్తి మూలకి వంగింది, వేలు నీళ్లుపోయే జల్లెడమూతకి తగిలింది, తడిసిన మేజోట్లో చిన్నగా ఏదో కదిలింది, తీసి చూస్తే పదిహేడేళ్ల మెట్టె దారంలా అరిగిపోయి రెండు ముక్కలుగా అరచేతిలోకి వచ్చింది. అరగదా మరి, మూడేళ్లుగా రోజుకి రెండుపూటలా క్లోరాక్స్ బ్లీచు నీళ్లలో నానుతోంది. తొట్టి అంచుమీద కూలబడి ఆ ముక్కల్ని చూస్తూ మనసులో కూడా ఆ మాట అనుకోలేదు ఆమె. వాళ్ల వైపు ఆడవాళ్లు అనరు. గాజు పగలదు, పెరుగుతుంది. తాడు తెగదు, పెరుగుతుంది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. మొగుడికేమీ కాకూడదని ఆడవాళ్లు మాటల్ని కూడా కాళ్లకింద చూసుకుని నడిపిస్తారు, ఆ మొగుళ్లకి మాత్రం ఆ సంగతి పట్టదు. ఆ సాయంత్రం వంటింట్లోంచి ఫోను చేసి "మెట్టె పెరిగింది" అంటే, "పెరగడమేంటి? నువ్వు చిక్కిపోయుంటావు. అన్నం తింటన్నావా లేదా? దారం చుట్టుకో, బిగుసుద్ది" అన్నాడు అంజిబాబు. తల్లి నోట, అప్పచెల్లెళ్ల నోట చిన్నప్పటినుంచి విన్నమాటే, ఆ ఎండలో, ఆ గొట్టాల మధ్య, హిందీలో తిట్లు తింటూ తిడుతూ ఎక్కడో జారవిడుచుకున్నాడు. పక్కన మేడమ్ ఉంది, పిల్లలున్నారు, అరబ్బీవాళ్లకి తెలుగు రాకపోయినా గొంతులో వణుకు ఏ భాషలోనైనా వణుకే. "అది కాదన్నయ్యా," అంది పేరమ్మ, "ఇంక లేదు. వేలికి లేదు." అవతల గాలి హోరు వినబడింది. అంత ఎత్తున ఎక్కడో ఇనుపగొట్టం మీద కూర్చుని మాట్లాడుతున్నాడన్నమాట. తర్వాత, "శుక్రారం వస్తా" అన్నాడు.

మొగుణ్ణి అన్నయ్యా అనడం ఎలా వచ్చిందంటే అది రాజోలు ఏజెంటు పుణ్యం. వీరవెంకటసత్యనారాయణ అని బస్సంత పొడుగు పేరు అతనిది, మాట్లాడేది మాత్రం రెండే ముక్కలు. అంజిబాబుని రువైస్‌కి పంపింది అతనే, చమురుశుద్ధి ఫ్యాక్టరీలో పరంజాలు కట్టే పనికి. ఏడాది తిరక్కుండా పేరమ్మకీ ఇళ్లల్లో పని చూశాడు. ఇద్దరూ ఒకే దేశంలో ఉంటాం కదా అని ఆమె ఎంత మురిసిపోయిందో, కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టేదాకా. "మొగుడు అక్కడే ఉన్నాడంటే ఎవరూ తీసుకోరమ్మా. పారిపోద్దని భయం. విధవ అని రాశాను. అడిగితే అదే చెప్పు, అతనొస్తే అన్నయ్యని చెప్పు." అతనికి అది ఒక గడి నింపడం. ఆమె చెవులు మూసుకుంది. పెద్దమ్మ మాణిక్యాంబ ఆ కాగితాన్ని చేత్తో ముట్టుకోకుండా చీరచెంగుతో పక్కకి తోసింది. అంజిబాబే రువైస్ నుంచి ఫోనులో నవ్వాడు, "కాగితం మీద సచ్చిపోతే ఏమవుద్ది, మనిషిని బతికే ఉన్నాగా" అన్నాడు. అతనికి అన్నీ తేలిక. పుస్తెలు తీసి గుడ్డలో మూటకట్టి పెద్దమ్మ చేతిలో పెట్టింది, బొట్టు తుడుచుకుంది, గాజులు తీసేసింది, మెట్టెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి రాలేదు. పెళ్లినాటికి సన్నగా ఉన్న వేళ్లు పొలాలమ్మట తిరిగి తిరిగి లావెక్కాయి, సబ్బు రాసినా నూనె రాసినా కదల్లేదు, కోయించేద్దామని ఎవరో అంటే పెద్దమ్మ వాళ్లని కసిరి పంపేసింది. కాళ్లకి మేజోళ్లు తొడుక్కుని విమానమెక్కింది. అప్పటినుంచి ఎడారిలో మేజోళ్లే. మేడమ్ మొదట్లో వింతగా చూసేది, తర్వాత ఇది మర్యాదస్తురాలని వాళ్లమ్మకి చెప్పుకుంది. ఎండాకాలంలో పాదాలు ఉడికి పాచిపోయేవి. అయినా పోనీ, ఒంటిమీద అన్నీ పోగా మిగిలినవి ఆ రెండే.

ఐదు దాటింది. ఈ మేడమ్‌ని గాని, ఇంటి యజమాని బాబాని గాని చూసి భయపడింది కాదు ఆమె, వాళ్లకి మెట్టెలంటే ఏంటో తెలీదు. భయమంతా హయాత్ బాషాని చూసే. ఆ ఇంటి డ్రైవరు, మదనపల్లె మనిషి, తెలుగు ముస్లిము, ఒక్క చూపుతో పసిగట్టగలిగేది అతనొక్కడే. చెడ్డవాడు కాదు. రంజాన్‌లో గోధుమల హరీస్ గిన్నె తెచ్చిచ్చేవాడు, ఊళ్లో బిడ్డకి జ్వరమొస్తే తన ఫోన్‌కార్డు ఇచ్చాడు. కానీ ఆమెకి ముందు ఆ ఇంట్లో పనిచేసిన చిట్టెమ్మ మొగుడు కల్బాలో మేస్త్రీపని చేసేవాడట, ఆ సంగతి చెప్పకుండా ఒక శుక్రవారం అతనితో వెళ్లిపోయింది, మరి రాలేదు. బాబా అప్పుడు బాషాని పిలిచి, ఇకమీదట పనిమనిషి బయటికి పోతే నీదే బాధ్యత, అన్నాడు. అందుకని బాషా మంచివాడు కావడం ఆమెకి ఏమీ కలిసిరాలేదు. మంచివాడు కాబట్టే ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాడు, మదనపల్లెలో ఐదుగురు తింటారు అతని మీద. అంజిబాబు మొదటిసారి వచ్చినప్పుడు బాషా కారు అద్దంలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి "ఏంమా, మీ యన్నకీ నీకీ పోలికే లేదే" అన్నాడు. "మా నాన్న పోలిక ఆడికి," అంది పేరమ్మ తడుముకోకుండా. మొగుణ్ణి ఆడు అనేసింది. ఆ రాత్రంతా చెంపలు వేసుకుంది.

మొదట్లో నవ్వొచ్చేది, అదే ఆశ్చర్యం. పార్కులో సిమెంటు బెంచీమీద మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుని, బాషా కారు ఆనుకుని సిగరెట్టు కాలుస్తుంటే, అంజిబాబు "చెల్లెమ్మా, ఇంటికాడ అందరూ బాగున్నారా" అనేవాడు, చెవులు రెండూ మిరపపళ్లలా ఎర్రబడేవి. పిల్ల చదువు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు "మన శ్రీదుర్గ" అనబోయి "మీ శ్రీదుర్గ" అని సర్దుకునేవాడు, ఆమె చెంగు నోట్లో కుక్కుకునేది. రెండునెలలకోసారి, ఒక్కోసారి మూడునెలలకి, ఒక గంట. అతని చెయ్యి తగిలింది ఈ మూడేళ్లలో ఎన్నిసార్లంటే వేళ్లమీద చెప్పగలదు, నీళ్లసీసా అందుకున్నప్పుడొకటి, ఫొటో చూపించినప్పుడొకటి. ఓ రోజు దుమ్ముగాలి లేచి బాషా కార్లోకి దూరిపోతే అంజిబాబు ఆమె మోచెయ్యి పట్టుకుని చెట్టుకిందికి లాక్కెళ్లాడు, ఆ పట్టు రెండురోజులు ఆ చేతిమీదే ఉన్నట్టనిపించింది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. ఏ నెలలో, ఏ బెంచీ మీద. మాటలు తగ్గిపోయాయి, అతను ఫోర్‌మన్ గురించీ క్యాంపులో నీళ్ల గురించీ చెప్పేవాడు, ఆమె మేడమ్ గురించి చెప్పేది, ఇంటి విషయాలు నిజంగా అన్నాచెల్లెళ్లు మాట్లాడుకునేంతే మాట్లాడుకునేవారు.

కొట్టాయన లేచి వచ్చి పళ్లెంలోంచి ఒకటి తీసి, చిన్న పట్టకారు చూపించి, తనే పెడతానన్నట్టు సైగచేశాడు, "దో మినిట్" అన్నాడు. పేరమ్మ రెండుకాళ్లూ బెంచీ కిందికి లాక్కుంది. ఆయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు, వ్యాపారం కదా, ఆయనకి వేలూ ఒకటే, ముక్కూ ఒకటే. నాకు నేనే పెట్టుకుంటే ఏమవుతుంది, అనుకుంది. ఎవరు చూడొచ్చారు. మొగుడు తొడగాలి, మొగుడు దగ్గరలేకపోతే? దగ్గరే ఉన్నాడు, మూడుగంటల దారి. ఉండీ రాకపోతే? పడ్డాడేమో. ఆ ఆలోచన మంగళవారం నుంచి గది మూలన ఉన్న బల్లిలా ఉంది, చూడకపోయినా ఉంది. వేలు బోసిగా ఉన్న ఈ నాలుగురోజులూ అతను ఆకాశంలో గొట్టాల మీద నడుస్తున్నాడు, బెల్టు కట్టుకుంటాడో లేదో, కాగితం మీద ఎప్పుడో చంపేశారు, ఇప్పుడు ఇదొకటి. తొడిగేసుకుందామని చెయ్యి చాచింది. చాచిన చెయ్యి మధ్యలో ఆగింది, ఎందుకంటే ఇంకో ఆలోచన వచ్చింది, అది అంతకంటే చెడ్డది. అసలు పెట్టుకోకపోతే? ఎడమకాలిది కూడా కోయించేస్తే? మేజోళ్లు అక్కర్లేదు ఇంక. ఆ ఇంటి హాల్లో తెల్లరాయి పరిచి ఉంటుంది, ఏసీకి చల్లగా ఉంటుందట, పిల్లలు పొర్లుతుంటారు దానిమీద, మూడేళ్లుగా తుడుస్తోంది గానీ ఆ చల్లదనం పాదానికెలా ఉంటుందో ఆమెకి తెలీదు. ఉత్తికాళ్లతో ఆ రాయిమీద నడుస్తున్నట్టు అనిపించింది ఒక్కక్షణం, ఎంత హాయిగా అనిపించిందంటే కళ్లు మూసుకుంది. బాషాకి భయపడక్కర్లేదు, బెంచీ మీద చోటు వదలక్కర్లేదు, శుక్రవారం కోసం ఎదురుచూడక్కర్లేదు. కళ్లు తెరిచి, ఛీ, అని తనని తనే తిట్టుకుంది, తిట్టుకున్నా ఆ చల్లదనం మాత్రం వెంటనే పోలేదు.

పెళ్లిరోజు వాన. పందిరి కారుతోంది, సన్నికల్లు మీద ఆమె పాదం, పసుపు కారి నేలంతా పచ్చగా అయింది. అంజిబాబు వంగి మెట్టె తొడుగుతూ, తలెత్తకుండా, ఎవరికీ వినబడకుండా "నొప్పెడతందా" అన్నాడు. అదే అతను ఆమెతో మాట్లాడిన మొదటిమాట. పెళ్లిచూపుల్లో ఒక్క ముక్క పెగల్లేదు అతనికి. ఆమె లేదని తలూపింది, నిజానికి నొప్పెట్టింది. ఆ తర్వాత పదిహేడేళ్లలో చాలాసార్లు చాలా మాటలన్నాడు, తిట్టాడు కూడా, తాగొచ్చి గొడవపెట్టిన రోజులున్నాయి, అయినా ఏ పూటా ఆమెకి ఇతనెవరు అనిపించలేదు. ఈ మధ్యే, ఫోను పెట్టేశాక, అప్పుడప్పుడు అనిపిస్తోంది. ఐదుంబావు. వీధిలో పిల్లలెవరో బంతి ఆడుతున్నారు, ఎదురు కెఫెటేరియాలో పరోటాలు కాలుతున్న వాసన, మగ్రిబ్ నమాజుకి ఎంతోసేపు లేదు. లేచి నిలబడింది. కూర్చుంది. వస్తాడా రాడా అని కాదు, వస్తే ఏం చెయ్యాలో ఇంకా తేలలేదని అప్పుడర్థమైంది ఆమెకి.

తలుపు తోసుకుని అంజిబాబు వచ్చాడు. ఇస్త్రీచొక్కా చెమటకి వీపుకంటుకుపోయింది, చేతిలో నారింజపళ్ల సంచి. కాళ్లూ చేతులూ సక్రమంగా ఉన్నాయి. ఆమె గుండె ఎక్కడినుంచో దిగి తన చోట కూర్చుంది, ఏడుపొచ్చినంత పనైంది.

"చెల్లెమ్మా, తరీఫ్ కాడ బస్సు టైరు పోయింది. ఫోన్లో చార్జి లేదు," అన్నాడు.

పేరమ్మ అటూ ఇటూ చూసింది. తలుపు మూసి ఉంది. బాషా రాలేదు. కొట్లో ఉన్నది తమిళాయన ఒక్కడే, ఆయన లెక్కల్లో ఉన్నాడు. ఇప్పుడు నాలిక్కరుచుకుంటాడు, నవ్వేస్తాడు, అని చూసింది. అంజిబాబు నవ్వలేదు. బెంచీ ఆ చివర, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. అంత పొట్టి బెంచీమీద అంత చోటు వదలాలంటే సగం ఒళ్లు బయటికి వేలాడేసుకోవాలి, వేలాడేసుకున్నాడు.

"ఇయ్యేనా? బాగున్నాయి చెల్లెమ్మా. తీసేసుకో."

అతని చెవులకేసి చూసింది. ఎర్రబడలేదు. మామూలుగా, ఎండకి నల్లబడి, మామూలుగా ఉన్నాయి.

"ఇక్కడెవరున్నారు?" అంది మెల్లగా.

"ఎవరున్నారు, కొట్టాయన."

"ఆయనకి తెలుగొచ్చా?"

"ఏమో మరి. ఎందుకు?" అని, గడియారం చూసి, పళ్లెంలోంచి ఒక మెట్టె తీశాడు. "కాలు ఇలా ఇయ్యి, పెట్టేత్తాను. బాషా వచ్చేత్తాడు, తొరగా."

తొరగా. సైట్లో నట్టు బిగించే మనిషి ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు, మెట్టెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి చూస్తూ. అతనిలో మోసం లేదు, అదే ఆమెకి భరించరానిదైంది. మోసమైతే తిట్టి ఉండేది. మూడుగంటలు బస్సులో కూర్చుని, టైరు మార్చడానికి దిగి చెయ్యేసి, ఆమె అడిగినందుకు వచ్చాడు, ఏ అన్నైనా వచ్చేవాడు. ఇప్పుడు ఇతని చేత ఎవరూ చూడకుండా ఒక నిమిషంలో తొడిగించుకుని మేజోడు లాక్కుంటే, ఆ మెట్టె ఎవరు పెట్టినట్టు? ఒళ్లంతా వేడెక్కింది. కోపమే, ఇంకేమీ కాదు, ఏజెంటు మీదా, ఆ కాగితం మీదా, తడుముకోకుండా అబద్ధమాడిన తన నోటి మీదా, ఎదురుగా అమాయకంగా చెయ్యిచాపి కూర్చున్న ఈ మనిషి మీదా.

"వద్దులే," అని కాలు లాక్కుంది.

"మరెందుకు రమ్మన్నావు చెల్లెమ్మా?" అన్నాడు అతను. నిజంగానే అర్థంకాక అడిగాడు.

వీధిలో కారు ఆగింది. హారను చిన్నగా రెండుసార్లు మోగింది, అది బాషా అలవాటు. పేరమ్మ కదల్లేదు. తలుపు తెరుచుకుంది, తాళంచెవులు వేలికి తిప్పుకుంటూ హయాత్ బాషా గుమ్మంలో నిలబడ్డాడు. అంజిబాబు అప్పటికే లేచి, మెట్టె పళ్లెంలో పడేసి, రెండడుగులు దూరం జరిగాడు. ఎవరూ చెప్పకుండానే ఎంత చప్పున జరిగాడో ఆమె చూసింది.

"ఏంమా, అయిపాయనా? యల్లా, పోదాం, మగ్రిబ్ టైమైతాంది. ఏంనా, ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే బాషాభాయ్. చెల్లెమ్మకి ఏదో సామాను కావాలంటే..."

పేరమ్మ వంగింది. కుడికాలి మేజోడు మడమ దగ్గర పట్టుకుని కిందికి లాగింది, తీసి బెంచీమీద పెట్టింది. తర్వాత ఎడమకాలిదీ తీసింది. మూడేళ్లు ఎండ తగలని పాదాలు, నాని తెల్లబడి, ముడతలుపడి, ఆ ఎడమవేలికి దారమంత మెట్టె, కొట్లో దీపాలన్నీ వాటిమీదే పడుతున్నట్టున్నాయి. బాషా వేలిమీద తిరుగుతున్న తాళాలు ఆగిపోయాయి.

"ఏమండీ," అంది.

అంజిబాబు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచినట్టు. వెనక గోడ ఉంది, గోడమీద గడియారం ఉంది. మళ్లీ ఆమెకేసి తిరిగాడు. చెవుల దగ్గర మొదలై మెడదాకా ఎర్రగా పాకింది.

"మిమ్మల్నే. మీరే పెట్టాలి ఇది."

అతను బాషాని చూశాడు. బాషా ఆమె ఎడమపాదాన్ని చూస్తున్నాడు, ఏం చేస్తాడో ఆ మొహంలో తెలియడంలేదు. అతనికీ ఒక ఉద్యోగం ఉంది. ఆదివారానికల్లా ఆమె పెట్టె వీధిలో ఉండొచ్చు, సోమవారానికి విమానంలో ఉండొచ్చు. అంజిబాబు పళ్లెంలోంచి మెట్టె తీసుకుని నేలమీద కూర్చున్నాడు. అతని అరచేయి ఆమె పాదం కింద గరుకుగా, వేడిగా తగిలింది. పేరమ్మకి చాలా భయం వేసింది, అయినా కాలు వెనక్కి తీసుకోలేదు.